జ్వరాల రోజుల్లో ఇంటినిండా పండగ: ఓ పెద్దకోడలి లెక్కలు

కోవిడ్ కేసులు పెరుగుతున్నాయని 2022 జనవరి 10న, రాత్రి 11 నుంచి తెల్లారి 5 దాకా కర్ఫ్యూ అంది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. భోగికి నాలుగు రోజులే ఉంది. మర్నాడే, పండక్కి ఊళ్ళకొచ్చే జనం ఇబ్బంది పడతారని దాన్ని 18వ తారీఖుకి వాయిదా వేసింది. ఆ వార్త టీవీలో కింద ఇంకా పోతూనే ఉంది, మా ఆడపడుచు హైదరాబాదు నుంచి ఫోను. "వదినా, ఇంకేం అడ్డు లేదుగా, మేం బయల్దేరుతున్నాం" అంది. అరిసెలకి బియ్యం నానబోసి, తడిచేత్తోనే ఫోను పట్టుకున్నాను నేను. "అడ్డు తీసింది గవర్నమెంటు. నేనింకా తియ్యలేదు" అన్నాను. ఆ మాటకి రెండ్రోజులు అలిగింది.

పాలకొల్లు దగ్గర పల్లెటూళ్ళో మాది నడిమధ్య పైకప్పు లేకుండా ఆకాశం కనబడే పాత మండువా లోగిలి, పక్కనే కొత్తగా కట్టిన డాబా. ఇంటికి పెద్దకోడల్ని. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పాను. పండక్కి ముప్పై మంది దాకా దిగే ఇల్లు. మా అత్తయ్యగారికి అప్పటికి 82, సుగరు, చలికాలం వస్తే ఆయాసం. ఏ రకం విషజ్వరాలొచ్చినా పండగపూట ఇల్లు ఎలా నడుపుకోవాలో నేను నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. కోవిడే అక్కర్లేదు, ఫ్లూ జోరుగా ఉన్న ఏడాదికీ ఇదే పనికొస్తుంది.

పండగ కోసం ఆంక్షలు సడలించడం తప్పా ఒప్పా అని మా తోటికోడలు ఇప్పటికీ వాదనకి దిగుతుంది. నా లెక్క చెప్తాను. ఆ ఏడు భోగి 14న. మంట వేసేది తెల్లవారుజామున నాలుగింటికి. కర్ఫ్యూ ఉండి ఉంటే అది ఆపేది ఆరుబయట మంచులో, మంట వేడికి ఎడంగా నిలబడే పదిమందిని. మధ్యాహ్నం పన్నెండున్నరకి డాబా హాల్లో తలుపులు బిగించి, ఏసీ వేసుకుని, మోచెయ్యీ మోచెయ్యీ రాసుకుంటూ ముప్పై మంది తినే భోజనం జోలికి అది రాదు. అదే ఉత్తర్వులో గదుల్లో వంద మంది, బయట రెండొందల మంది దాకా కూడొచ్చన్నారు. మా ముప్పై మంది అందులో హాయిగా ఇమిడిపోతాం. కాబట్టి వాయిదా వెయ్యడం ఘోరమని నేననను. గడియారం చూసి కట్టడి చేసే జబ్బు కాదిది, గది చూసి చెయ్యాలి. అయితే సడలింపు అన్న మాట వినగానే మనవాళ్ళు జబ్బే తగ్గిందనుకుంటారు. ఆ నెల మొదట్లో రాష్ట్రంలో రోజుకి రెండొందల కేసులు కూడా లేవు. కనుమ వెళ్ళిన వారంలోపే రోజుకి పది వేలు దాటాయి. అంతా పండగవల్లే అనడానికి లేదు, కోవిడ్‌లో కొత్త రకం ఒమిక్రాన్ అప్పటికే దేశమంతా ఎగబాకుతోంది. కానీ మనం ఇంటినిండా జనాన్ని పిలిచిన వారం మాత్రం సరిగ్గా అదే.

ఇంత పట్టుదల నాకెందుకో కూడా చెప్పాలి. 2020 ఉగాది లాక్‌డౌన్ మొదటి రోజునే పడింది, మార్చి 25న. ముగ్గురమే పచ్చడి తిన్నాం. ఆ వెలితి తీర్చుకుందామని 2021 ఉగాదికి, ఏప్రిల్ 13న, పద్నాలుగు మందిమి డాబా హాల్లో కూర్చున్నాం. ఏ నిబంధనా మీరలేదు. పదిరోజుల్లో తొమ్మిది మందికి జ్వరం. మా చినమామయ్యగారు ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. ఆ రోజు గొంతునొప్పితో వచ్చిన మనిషెవరో నాకు తెలుసు. టిక్కెట్టు డబ్బులు పోతాయని చెప్పలేదు. అతన్ని ఇవాళ్టికీ ఒక్క మాట అనలేదు, ఎందుకంటే చెప్తే ఆపుతారని తెలిసిన ఇంట్లో ఎవరూ చెప్పరు. ఆ లోపం నాది.

కబురు టిక్కెట్ల కన్నా ముందు వెళ్ళాలి

మా చిన్నమరిది ఇంగ్లండులో ఉంటాడు. 2020 క్రిస్మస్‌కి అక్కడ మూడు కుటుంబాలు కలుసుకోవచ్చని, డిసెంబరు 23 నుంచి 27 దాకా ఐదు రోజులు వీలిచ్చారు. 19న ఒక్కసారిగా మార్చేశారు. లండన్, ఆగ్నేయ ప్రాంతాలకి మొత్తం రద్దు, మిగతా ఇంగ్లండుకి క్రిస్మస్ ఒక్కరోజే. ఆ సాయంత్రం లండన్ స్టేషన్లలో జనం పెట్టెలు పట్టుకుని రైళ్ళకి ఎగబడ్డారు. ఆలస్యంగా మారిన నిబంధన మనుషుల్ని ఇంట్లో కూర్చోబెట్టకపోగా ఒకే రైలుపెట్టెలో కుక్కింది. మన దగ్గర పండగ ముందు హైదరాబాదు-విజయవాడ రోడ్డుమీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు ఎలా నిలబడతాయో చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

అందుకని కబురు పండక్కి మూడు వారాల ముందే పంపండి. అప్పుడు నేను కుటుంబం గ్రూపులో పెట్టింది ఇది. కావాలంటే తారీఖులు మార్చుకుని వాడుకోండి:

"అందరూ తప్పకుండా రండి. 8వ తారీఖు నుంచి సినిమాహాళ్ళు, మాల్స్, పుట్టినరోజు పార్టీలు మానెయ్యండి. బయల్దేరే రోజు పొద్దున్న టెస్టు చేసుకుని ఫొటో ఇక్కడ పెట్టండి. టెస్టులో ఏమీ రాకపోయినా సరే, గొంతు గరగర ఉన్నా, ఒళ్ళు నొప్పులున్నా, ముక్కు కారుతున్నా ఆగిపోండి. టిక్కెట్టు డబ్బులు మీ అన్నయ్య ఇస్తారు. రానివాళ్ళ అరిసెలు, సున్నుండలు, పూతరేకులు కొరియరులో వస్తాయి. ఆగిపోయినవాళ్ళని ఎవరూ ఏమీ అనకూడదు, అంటే నాతో పెట్టుకున్నట్టే."

ఇందులో టిక్కెట్టు డబ్బుల వాక్యాన్ని మాత్రం ఎవరేమన్నా తియ్యకండి. మా ఆయన కూడా "అదెందుకూ, దండగ" అన్నారు. ఆ ఏడు ఇద్దరు ఆగిపోతే మాకైంది 2,900 రూపాయలు. ఆ ఇద్దరిలో ఒకరికి రెండో రోజే పాజిటివ్ వచ్చింది.

టెస్టు కిట్లు ముందే కొని పెట్టుకోండి. అప్పట్లో ఇంట్లో చేసుకునే కిట్టు ధర 250 రూపాయలు. పాతిక కొన్నాను, 6,250 అయింది. ఒక చీర మానుకున్నాననుకున్నాను. కారు డాష్‌బోర్డు మీద ఎండలో పెట్టకండి, పాడవుతాయి. ముక్కులో పుల్ల తిప్పి, చుక్కలేసి, పదిహేను నిమిషాలకి చూడాలి. ఇరవై నిమిషాలు దాటాక కనబడే గీతని లెక్కలోకి తీసుకోకూడదు. ఒక్క గీత వస్తే గండం గడిచినట్టు కాదు, ఆ పూటకి పట్టుబడలేదని అర్థం. అందుకే వచ్చిన రోజు ఒకసారి, రెండ్రోజులాగి మళ్ళీ ఒకసారి చెయ్యాలి.

టీకాల సంగతి ఒక్క ముక్క. ఇంట్లో పెద్దవాళ్ళకి ఆఖరు డోసు ఎప్పుడు పడిందో కాగితం తీసి చూడండి. 60 దాటి జబ్బులున్నవాళ్ళకి మూడో డోసు ఆ జనవరి 10నే మొదలైంది, కానీ రెండోదానికీ దానికీ తొమ్మిది నెలలు ఉండాలన్నారు. అత్తయ్యగారికి రెండోది మే నెలలో పడింది. పండక్కి అందదు. "రెండు సూదులూ అయిపోయాయిగా" అని ధైర్యం చెప్పినవాళ్ళకి నేను ఆ కాగితమే చూపించాను.

కొత్త అల్లుడు, వియ్యంకులు

మాస్కు పెట్టించడం తేలిక. కష్టం ఇక్కడ. మా తోటికోడలి కూతురికి నవంబరులో పెళ్ళయింది. అల్లుడికి అది తొలి సంక్రాంతి. అతనితో అమ్మానాన్నలు, అక్కాబావలు, వాళ్ళ పిల్లలు కలిపి ఎనిమిది మంది వస్తామన్నారు. వద్దంటే అవమానం, రమ్మంటే అత్తయ్యగారికి గండం.

ఇలాంటి మాట మెసేజీలో చెప్పకండి. మగవాళ్ళచేత అసలు చెప్పించకండి, వాళ్ళు సగం చెప్పి, సగం మింగి, చివరికి "మీ ఇష్టమండీ" అని ఫోను పెట్టేస్తారు. అల్లుడి తల్లీ నేనూ ఒక వరస కాబట్టి ఆవిడకి ఫోను నేనే చేశాను. ముందు వాళ్ళింట్లో పెద్దాయన ఆరోగ్యం అడిగాను. ఆయనకి గుండెకి స్టెంటు వేశారు. అప్పుడన్నాను: "వదినగారూ, మీ మామగారికీ మా అత్తగారికీ ఈ నెల ఒకటే భయం కదా. అమ్మాయీ అల్లుడుగారూ భోగికి వచ్చి మూడు రోజులుంటారు. మీరందరూ కనుమనాడు పొద్దున్న వచ్చి, పెరట్లో భోజనం చేసి, బట్టలు పుచ్చుకుని సాయంత్రానికి వెళ్ళండి. లాంఛనాల్లో ఒక్కటి తగ్గితే నన్నడగండి." ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మేమూ అదే అనుకుంటున్నామండీ, మీరేమనుకుంటారోనని ఆగాం" అంది. నిజంగా అనుకున్నారో లేదో నాకెందుకు, మర్యాదగా ఒప్పుకున్నారు.

మీరు ఏది తగ్గించినా బదులుగా ఒకటి చేతిలో పెట్టండి. ఉత్త "వద్దు" అన్నది బంధుత్వంలో ఇరవై ఏళ్ళు నిలబడుతుంది.

పడక సంగతే ముందు చూడండి

అందరూ భోజనాల గురించి కంగారు పడతారు. భోజనం ముప్పావుగంట. పడక ఎనిమిది గంటలు. జనవరిలో మా వైపు తెల్లారేసరికి మంచు పొగలా దిగుతుంది, అందరూ కిటికీలు మూసేసి దుప్పటి ముసుగేస్తారు. ఒక గదిలో ఆరుగురు, అందులో ఒకరికి అంటుకుని ఉంటే చాలు, పొద్దుటికి ఆ గది గాలి అందరి ఊపిరితిత్తుల్లోనూ తిరిగొచ్చి ఉంటుంది.

ఇంట్లో ఏ గది మంచిదో తెలుసుకోవడానికి పిల్లలకి క్లాసులో చూపించినట్టే చూడండి. గది మధ్యలో అగరొత్తి వెలిగించి పెట్టండి. పొగ కిటికీ వైపు సాగిపోతే ఆ గది పనికొస్తుంది. నెత్తిమీదే గూడు కట్టుకుని వేలాడితే ఆ గదిలో ఒక కుటుంబానికి మించి పడుకోబెట్టకండి. సీలింగ్ ఫ్యాను ఉన్న గాలినే కలియబెడుతుంది, బయటికి పంపదు. ఏసీ కూడా అంతే, లోపలి గాలినే చల్లబరిచి మళ్ళీ మీ మొహాన కొడుతుంది. ఒక కిటికీలో స్టాండు ఫ్యాను బయటివైపు తిప్పి పెట్టి, ఎదుటి కిటికీ జానెడు తెరిచి ఉంచితే గది గాలి మారుతుంది. చలికి ఇంకో రగ్గు ఇవ్వండి, తలుపు మాత్రం తియ్యండి.

మా డాబా హాలు ఈ పరీక్షలో తప్పింది. లక్షలు పోసి కట్టించాం, గ్రానైటు పరిచాం, కిటికీలకి స్లైడింగ్ అద్దాలు పెట్టించాం, పొగ పావుగంటైనా కదల్లేదు. తాతలనాటి మండువా మాత్రం రెండు నిమిషాల్లో పొగని నడినెత్తిన ఆకాశంలోకి లాగేసింది. పడగొట్టేద్దామని మా ఆయన ఐదేళ్ళుగా అంటున్న ఇల్లు అది.

అత్తయ్యగారి గదిలో నేనొక్కదాన్నే పడుకున్నాను. మనవల్ని పక్కలో వేసుకోవడం ఆవిడకి పండగలో సగం, అది పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దానికి విరుగుడుగా పగలు అరుగుమీద మడతకుర్చీ వేశాం. పిల్లలు మెట్లమీద కూర్చుంటే ఆవిడ కథలు చెప్పింది. చెవుడు కాబట్టి ఆవిడే గట్టిగా చెప్పింది, ఊరంతా విన్నది.

వంట, బంతులు, భోగిపళ్ళు

అరిసెలవల్ల జబ్బు రాదు. పాకం పట్టేటప్పుడు గాడిపొయ్యి చుట్టూ పదిమంది చేరి కబుర్లు చెప్పుకోవడంవల్ల రావచ్చు, అదీ పెరట్లో అయితే భయం తక్కువ. కాబట్టి గిన్నెలు శానిటైజరుతో తుడిచే చాదస్తం వద్దు, సబ్బూ నీళ్ళూ చాలు.

భోజనాలు పెరట్లో కొబ్బరిచెట్ల కింద పెట్టండి. షామియానా వేయిస్తే పైగుడ్డ ఒక్కటే వేయించండి. ఎండ పడుతోందని చుట్టూ పరదాలు కట్టేస్తారు సప్లై కంపెనీవాళ్ళు, అప్పుడది గదే. ఎదురెదురుగా కాకుండా ఒకే వరసలో కూర్చోబెట్టండి. మొదటి బంతి పెద్దవాళ్ళకీ ఇంట్లో ఉండేవాళ్ళకీ, రెండోది ప్రయాణం చేసి వచ్చినవాళ్ళకీ. ఇక్కడ అందరూ మరిచిపోయేది వడ్డించేవాళ్ళని. విస్తరి మీదకి వంగి "ఇంకో గారె, ఇంకో గారె" అని బతిమాలేది వాళ్ళే. మాస్కు ఉండాల్సింది ముందు వాళ్ళకి. బతిమాలడం మానమని నేను చెప్పను, మా వైపు అది కుదరదు.

దణ్ణాలు దూరం నుంచి, అక్షింతలు పైనుంచి. భోగిపళ్ళు సాయంత్రం హాల్లో కాకుండా అరుగుమీద పోశాం. రేగుపళ్ళూ చిల్లరా మెట్లమీద దొర్లుకుంటూ వీధిలోకి పోతుంటే పిల్లలు వాటి వెంట పడ్డారు, అదే బావుంది. భోగిమంట దగ్గరికి ఆయాసం ఉన్నవాళ్ళని తీసుకెళ్ళకండి. ఆ పొగకి వచ్చే దగ్గేదో, జబ్బు దగ్గేదో మర్నాడు తెలీక చస్తాం.

ఇక కోడిపందేలు. ప్రతి ఏడూ నిషేధమంటారు, ప్రతి ఏడూ జరుగుతాయి. బరి చుట్టూ మనిషి మీద మనిషి పడి అరుస్తుంటారు, ఆ అరుపుల్లో మాస్కు గడ్డం కిందే ఉంటుంది. మా ఇంటి మగవాళ్ళని ఆపడం నావల్ల కాలేదు. బరికి వెళ్ళినవాళ్ళ పక్కలు సావిట్లో వేశాను, మూడు రోజులు అత్తయ్యగారి గుమ్మం తొక్కొద్దన్నాను. సావిట్లో దోమలు. రెండోరోజుకి బరికి వెళ్ళేవాళ్ళు ఐదుగురి నుంచి ఇద్దరయ్యారు.

రాత్రి పదింటికి ఒకరికి జ్వరమొస్తే

ఇది పండక్కి ముందే ఆలోచించి పెట్టుకోవాలి. అప్పటికప్పుడైతే అందరూ తలో మాట అంటారు. బయటికి వేరే తలుపున్న గది ఒకటి ఖాళీగా ఉంచండి. మాది ధాన్యం గది, దులిపించి నవారు మంచం వేయించాను. అందులో థర్మామీటరు, ఆక్సిమీటరు, పారాసిటమాల్, ఫ్లాస్కు, చెంబు, మాస్కులు, ఫోను చార్జరు పెట్టాను.

కనుమ రాత్రి మా పెద్దమరిది కొడుక్కి 101 వచ్చింది. టెస్టులో ఒకటే గీత. అయినా గదిలోకి పంపాం. ఆ రెండ్రోజులూ వాడి పక్కన పడుకున్న ఇద్దర్నీ వేరే వరండాలో ఉంచాం. ఒక్క గీత చూసి వాళ్ళమ్మ "తిరుగుడు జ్వరం, దిష్టి" అంది. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ చేస్తే రెండు గీతలూ వచ్చాయి.

అప్పటి నియమం ప్రకారం ఇంట్లోనే ఉండేవాళ్ళకి పాజిటివ్ తేలిన రోజు నుంచి ఏడు రోజులు, ఆఖరి మూడు రోజులూ జ్వరం ఉండకూడదు. వేలికి పెట్టే ఆక్సిమీటరులో ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా, ఊపిరి అందకపోయినా, మనిషి మత్తుగా మాట్లాడుతున్నా ఇంటివైద్యం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చలికి వేళ్ళు చల్లబడి ఉంటే మీటరు తప్పు చూపిస్తుంది, చేతులు రుద్ది మళ్ళీ చూడండి. గోరింటాకు, గోళ్ళరంగు ఉన్న వేలు వద్దు, పండగపూట ఆడపిల్లలకి రంగులేని వేలు వెతకడమే ఓ పని. కోవిడ్ సాయం నంబరు 104కి ఫోను చెయ్యడం, ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్మమ్మకి చెప్పడం ఆ రాత్రే చేసేశాం. "పరువు పోతుంది, పొద్దున్న చూద్దాం" అన్నవాళ్ళున్నారు. చూశాం మేం, 2021లో.

జ్వరంతో ఉన్న మనిషిని బస్సెక్కించి పంపెయ్యడం మాత్రం చెయ్యకండి. వాడికి పరీక్షలున్నా, ఉద్యోగమున్నా సరే. వారం రోజులు వాడికి భోజనం గుమ్మం దగ్గర పెట్టి వచ్చింది వాళ్ళమ్మే, దిష్టి అన్న ఆవిడే.

వెళ్ళిపోయాక

వచ్చినవాళ్ళు వెళ్ళిన తరవాత వారం రోజులు గ్రూపులో రోజూ ఒక్క మాట పెట్టమనండి: "బావున్నాం" లేదా "బాగోలేదు". ఎవరికి బాగోలేకపోయినా ఆ పూటే అందరికీ తెలియాలి. గ్రూపులో లేనివాళ్ళూ ఉంటారు: పాలు పోసే అబ్బాయి, అంట్లు తోమే అమ్మాయి, గంగిరెద్దులాయన. మా పనమ్మాయికి నేనే వెళ్ళి చెప్పాను, వారం రోజుల జీతంతో ఇంట్లో ఉండమన్నాను, రెండు కిట్లిచ్చాను.

ఆరో రోజున హైదరాబాదు నుంచి ఆడపడుచు ఫోను చేసింది. అలక ఎప్పుడో తీరింది. వాళ్ళాయనకి రెండు గీతలొచ్చాయట, అక్కడ ఆఫీసులో అంటిందో, ఇక్కడ బరి దగ్గర అంటిందో. "వదినా, నువ్వు తిడతావని భయపడుతూనే చేశాను" అంది. తిట్టలేదు. అత్తయ్యగారికి ఆ రోజూ, రెండ్రోజులాగీ టెస్టు చేశాను. రెండుసార్లూ ఒకటే గీత. పాతికలో మిగిలిన ఒక్క కిట్టూ బీరువాలో పట్టుచీరల కింద ఉండిపోయింది, మొన్న చూస్తే గడువు దాటింది. ఈ ధనుర్మాసం రాకముందే కొత్తవి తెప్పించాలి.